కాలిన ఇల్లు, కాల్చిన చేయి

యుద్ధాన్ని చూపించే ప్రదర్శనశాలలకు మన దేశంలో కొరత లేదు. విశాఖపట్నం సముద్రతీరాన 2002లో ఒడ్డుకు చేర్చి నిలిపిన కురుసురా జలాంతర్గామిని చూడడానికి బడిపిల్లలు బస్సులలో వస్తారు. నావికులు పడుకొన్న ఇరుకు పడకలను చూచి, టార్పెడో గొట్టాలను తడిమి, బయటికి వచ్చి ఐస్‌క్రీము తిని వెళ్లిపోతారు. మన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ పిల్లల విభాగం ఒకటి ఉంది. అందులో అద్దాల వెనుక బొమ్మ సిపాయిలు బారులు తీరి నిలిచి ఉంటారు. ఒక జాగీర్దారు సేకరించిన వస్తువులతో ఆ మ్యూజియం 1951 డిసెంబరు 16న ప్రజలకు తెరవబడింది. తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటాన్ని విరమించి అప్పటికి రెండు మాసాలు కూడా నిండలేదు. నిజమైన తుపాకులు చప్పబడగానే బొమ్మ తుపాకులు ప్రదర్శనకు వచ్చాయన్నమాట.

ఈ రెండు చోట్లా పిల్లవాడు ప్రేక్షకుడు. యుద్ధం పెద్దలు పిల్లలకు చూపించే వస్తువు. యుద్ధం ఎవరి నెత్తిన పడిందో ఆ పిల్లవాడు, వాడు చూచినది, వాడికి జ్ఞాపకమున్నది ఈ ప్రదర్శనలలో ఎక్కడా కనబడదు. అటువంటి పిల్లవాడికోసమే ఏర్పడిన మ్యూజియం ఒకటి బోస్నియా రాజధాని సరాయెవోలో ఉన్నది. ఆ మధ్య ఒక సదస్సు పేరున అటు పోవలసివచ్చినప్పుడు దాన్ని చూచాను. చూచినప్పుడు కలిగిన అంగీకారాన్నీ, ఆ తరువాత మెల్లగా కలిగిన అభ్యంతరాన్నీ మన పాఠకుల ముందు పెట్టాలని ఈ వ్యాసం. పరాయిదేశపు మ్యూజియం గొడవ మనకెందుకని ఎవరైనా అనవచ్చు. ఎందుకో చివరికి తేలుతుంది.

సరాయెవో నగరాన్ని 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు, 1,425 రోజులపాటు, చుట్టూ ఉన్న కొండలమీదినుంచి ముట్టడించారు. 2012లో, ముట్టడి ప్రారంభమై 20 ఏండ్లయిన సందర్భంలో, ఆ నగర ప్రధాన వీధిలో 11,541 ఎర్ర కుర్చీలను వరుసలుగా వేసి ఖాళీగా ఉంచారు. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క కుర్చీ. అందులో 643 చిన్న కుర్చీలు. అవి పిల్లలవి.

బతికిన పిల్లల మాట ఏమిటి? యుద్ధం ఆరంభమయేనాటికి నాలుగేండ్లవాడైన యాస్మింకో హలిలోవిచ్ పెరిగి పెద్దవాడై, 2010లో తన ఈడువారిని ఒక ప్రశ్న అడిగాడు: నీకు యుద్ధంలో బాల్యమంటే ఏమిటి? జవాబు 160 అక్షరాలకు మించరాదు. వెయ్యిమందికి పైగా జవాబులు వ్రాశారు. 2013లో అవి పుస్తకమయ్యాయి. ఆ జవాబులు వ్రాసినవారితో మాట్లాడుతూ ఉంటే, వారిలో చాలామంది ఆనాటి వస్తువు ఏదో ఒకటి దాచుకొన్నారని తెలిసింది. అప్పుడు మ్యూజియం ఆలోచన వచ్చింది. 2017 జనవరిలో లొగావినా అనే వీధిలో, ఒక చిన్న భవనంలో దాన్ని తెరిచారు. మరుసటి సంవత్సరమే యూరపు కౌన్సిలు మ్యూజియం బహుమతి దానికి వచ్చింది. ఇప్పుడు వారు ఉక్రెయిన్ పిల్లలనుంచీ, లెబనాన్‌లో తలదాచుకొన్న సిరియా పిల్లలనుంచీ కూడా వస్తువులు సేకరిస్తున్నారు.

పద్ధతి చాలా సరళం. ఒక వస్తువు. దాని పక్కన, దాన్ని దాచుకొన్న మనిషి తన మాటల్లో చెప్పిన నాలుగు వాక్యాలు. అంతే. తుపాకి లేదు, జెండా లేదు, సైన్యాధిపతి పటం లేదు, ఏ రోజున ఏ కొండ ఎవరి వశమయిందో చూపే నక్షా లేదు. ఆ పిల్లవాడు సెర్బా, క్రొయాటా, బోస్నియాకా అన్న సంగతి కూడా చెప్పరు. నాట్యం నేర్చుకొనే పిల్ల పాదరక్షలు ఉన్నాయి. ఊయల ఉంది. సహాయంగా వచ్చిన తిండి డబ్బాలు, పొట్లాలు, వాటి కాగితాలు పోగుచేసుకొన్న పిల్లవాడి సేకరణ ఉంది. దినచర్య పుస్తకాలున్నాయి.

చూచేవాణ్ణి నిలబెట్టేది ఆ వస్తువుల దైన్యం కాదు, వాటిలో ఉన్న బాల్యం. ఈ భేదం ముఖ్యమైనది. మన కథల్లో యుద్ధకాలపు పిల్లవాడు రెండు రకాలు. ఒకడు శవం పక్కన కూర్చుని ఏడుస్తాడు. రెండవవాడు నిక్కరు జేబులో చీటీ పెట్టుకొని దళానికి చేరవేస్తాడు, పట్టుబడితే నోరు విప్పడు. మొదటివాడు పాఠకుడి కన్నీటికోసం, రెండవవాడు పాఠకుడి ఉత్సాహంకోసం పుట్టినవారు. ఇద్దరికీ తమ సొంత బతుకు లేదు. సరాయెవోలోని పిల్లవాడు అట్లా కాదు. నేలమాళిగలో పొద్దుపోక విసుగెత్తుతాడు. పొరుగుపిల్ల చేతిలో చాకొలెట్టు చూచి కుళ్లుకొంటాడు. పడిన గుండు తునకల్ని మన పిల్లలు గోలీలను ఏరుకొన్నట్లు ఏరుకొని, ఇంకొకడి తునకతో మార్పిడి చేసుకొంటాడు. సహాయంగా వచ్చిన డబ్బా మాంసం వాసనను ఇప్పటికీ తిట్టుకొంటాడు. యుద్ధం జరుగుతున్నదని వాడికి తెలుసు. అయినా వాడికి పదేండ్లు నిండవలసిన రోజున నిండుతూనే ఉన్నాయి. ఆ పుట్టినరోజుకు ఏం వండారన్నది వాడి చరిత్రలో పెద్ద సంఘటన.

వాస్తవికత అనే మాటను మనం అరవైయేండ్లకు పైగా వాడుతున్నాం. ఇది వాస్తవికత. ఏ సిద్ధాంతగ్రంథమూ చెప్పనక్కరలేకుండా ఈ పిల్లలు దాన్ని సాధించారు. కారణం వారికి మనల్ని మెప్పించవలసిన అవసరం లేకపోవడమే. 160 అక్షరాల హద్దు కూడా మేలే చేసింది. ఉపన్యాసానికి చోటు లేకపోయింది. మన యువకథకులకు ఇటువంటి హద్దు ఒకటి పెడితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. విమర్శకులకు కూడా పెట్టవచ్చు.

ఇక అభ్యంతరం.

తెలుగు వ్యాకరణం చెప్పుకొనే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి దాన్ని వ్యాకరణంలోనే చెబుతాను. మన భాషలో కొన్ని క్రియలు జంటలుగా ఉంటాయి. కాలు, కాల్చు. కూలు, కూల్చు. మునుగు, ముంచు. చచ్చు, చంపు. మొదటిది తనకు తానుగా జరిగినట్లు చెబుతుంది. రెండవదానికి చేసినవాడు కావాలి. ఇల్లు కాలింది అంటే ఒక వార్త. ఇల్లు కాల్చారు అంటే ఒక అభియోగం. మొదటి వాక్యం విన్నవాడు అయ్యో అంటాడు. రెండవ వాక్యం విన్నవాడు ఎవరు అని అడుగుతాడు.

పిల్లల వాక్యాలన్నీ మొదటి రకానివి. గుండు పడింది, కరెంటు పోయింది, నాన్న రాలేదు, బడి మూతపడింది. ఇది సహజం. ఆరేండ్ల పిల్లవాడికి యుద్ధం వాన వంటిది, వచ్చింది, తడిశాం. వాడిచేత అంతకు మించి చెప్పించబోతే అది వాడి మాట కాదు, మన మాట. ఆ మ్యూజియంవారు వాడి నోట మాటలు పెట్టలేదు. అది వారి నిజాయితీ. కాని మ్యూజియం పిల్లవాడు కాదు గదా! అది పెద్దలు కట్టినది. పిల్లవాడి వాక్యం ముగిసిన చోట పెద్దవాడి వాక్యం ఒకటి మొదలుకావాలి. అది అక్కడ లేదు. ఆ గదులన్నీ తిరిగి బయటపడిన మనిషికి యుద్ధం ఎంత దుర్భరమో తెలుస్తుంది. యుద్ధం ఎవరు చేశారో తెలియదు.

తెలియని సంగతి కాదు. కొండలమీద ఫిరంగులు పెట్టినవాడెవడో, కిటికీలో నిలబడినవాణ్ణి కాల్చమన్నవాడెవడో పేర్లతో సహా న్యాయస్థానపు రికార్డులో ఉంది. ఆ నగర ప్రజలమీద గుండ్లు కురిపించిన నేరానికి స్టానిస్లావ్ గాలిచ్‌కు 2006లో యావజ్జీవశిక్ష ఖాయమయింది. ఆ పై అధికారి రాట్కో మ్లాదిచ్‌కు హేగ్‌లో శిక్ష పడినది 2017 నవంబరులో, అనగా ఈ మ్యూజియం తెరిచిన సంవత్సరంలోనే. ఆ అధికారుల వెనుక ఉన్న కథ ఇంకా పొడవు. 1980లలో అప్పుల భారం, అంతర్జాతీయ ద్రవ్యనిధి విధించిన పొదుపు, మూతపడిన ఫ్యాక్టరీలు, పని పోయిన యువకులు, వారి కోపాన్ని పొరుగువాడి మతంమీదికీ జాతిమీదికీ మళ్లించిన నాయకులు. ఒక సోషలిస్టు సమాఖ్య తన పౌరులకు ఏమి ఇవ్వలేకపోయినందువల్ల ఇంత సులభంగా ముక్కలయిందన్న ప్రశ్న కూడా అందులో ఉంది. అది మనబోటివారికి సుఖమైన ప్రశ్న కాదు. అంతమాత్రాన దాటవేయరాదు.

కర్త లేని వాక్యంతో వచ్చే చిక్కు సరాయెవోతో మొదలుకాలేదు. హిరోషిమా మ్యూజియంలో కాలి వంకరపోయిన మూడు చక్రాల సైకిలు ఒకటి ఉంది. నాలుగేండ్లు నిండని పిల్లవాడిది. 1945 ఆగస్టు 6న వాడు దానిమీద ఆడుకొంటూ ఉండగా బాంబు వేశారు. ఆ రాత్రికే వాడు చనిపోయాడు. తండ్రి సైకిలును కూడా వాడితోపాటు పెరట్లోనే పాతిపెట్టి, 40 ఏండ్ల తరువాత తవ్వితీసి మ్యూజియంకు ఇచ్చాడు. అదే ఆవరణలో ఉన్న స్మారకశిలమీద, ఆ తప్పు మళ్లీ జరగనివ్వం అనే అర్థం వచ్చే వాక్యం చెక్కారు. జపాను భాషలో ఆ వాక్యానికి కర్త లేదట. 1952లో అక్కడికి వెళ్లిన మన రాధావినోద్ పాల్ దాన్ని చూచి అభ్యంతరం చెప్పాడు: తప్పు ఎవరిది? బాంబు వేసినది జపానువారు కాదు గదా! ఆ వాక్యం కూర్చిన ఆచార్యుడు, దానికి కర్త మానవజాతి అంతా అని జవాబిచ్చాడు. ఇద్దరి మాటలోనూ కొంత సత్యం ఉంది. కాని మానవజాతి అంతా కర్త అయిన నేరానికి ముద్దాయి ఎవడూ ఉండడు.

గాజాలో 50 వేలకు మించిన పిల్లలు చనిపోయారనో, గాయపడ్డారనో 2025 మే నెలలో యూనిసెఫ్ ప్రకటించింది. ఆ పిల్లల వస్తువులకూ ఏనాడో ఒక మ్యూజియం వస్తుంది. అందులో ఇండ్లు వాటంతటవే కాలి ఉంటాయా?

ఇంతవరకు మన పాఠకులు నాతో ఏకీభవించే ఉంటారు. ఇక్కడినుంచి కొందరికి కష్టంగా ఉండవచ్చు. ఆ మ్యూజియంవారు తమ మౌనానికి చెప్పే కారణాన్ని కూడా వినాలి గదా. బోస్నియాలో కొన్ని పట్టణాలలో ఈనాటికీ ఒకే బడి కప్పు కింద రెండు బడులు నడుస్తున్నాయి. ఒక జాతి పిల్లలు ఒక ద్వారంగుండా, ఇంకొక జాతి పిల్లలు ఇంకొక ద్వారంగుండా పోతారు. చరిత్ర పాఠాలు కూడా వేరువేరు. అటువంటి చోట ఒక బొమ్మ పక్కన దాని సొంతదారు జాతి పేరు వ్రాస్తే, చూచేవాడు ముందు ఆ పేరు చదువుతాడు. మనవాడైతే ఏడుస్తాడు, కాకపోతే ముందుకు నడుస్తాడు. కనుక వారు పేరు ఉంచి జాతిని తీసివేశారు. పిల్లల్ని పక్షాలుగా విడదీయలేదు. ఇది సరియైన పని. నా అభ్యంతరమల్లా, పిల్లల్ని విడదీయకపోవడానికి యుద్ధాన్ని కూడా పక్షాలు లేనిదిగా చూపవలసిన పని లేదనే. బాధకు జాతి లేదు. నేరానికి చిరునామా ఉంది. ఈ రెండు మాటలూ ఒకే గోడమీద వ్రాయవచ్చు.

ఈ సంగతి మనకు ఎంత అవసరమో 1948ని తలచుకొంటే తెలుస్తుంది. ఆ ఏడు ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు సుమారు వందమందిని చంపారు. ఆ ఊరి బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. సెప్టెంబరు 13న భారతసైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరువాతి వారాలలో మరాఠ్వాడా, కన్నడ జిల్లాలలో ముఖ్యంగా, ముస్లిములమీద జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ సంఘం తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది చనిపోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక ఆరు దశాబ్దాలు దాచబడింది. ఇప్పుడు ప్రతి సెప్టెంబరు 17న మన నగరంలో ఒకరు విమోచన మంటారు, ఒకరు విలీన మంటారు, ఒకరు సమైక్యత అంటారు. మూడు వేదికలమీదా మైకులు మ్రోగుతాయి. బైరాన్‌పల్లి పిల్లవాణ్ణి ఒక వేదిక ఎత్తుకొంటుంది. ఉస్మానాబాదు పిల్లవాణ్ణి ఏ వేదికా ఎత్తుకోదు. ఇద్దరి చొక్కాలూ ఒకే అద్దాలపెట్టెలో ఉండే మ్యూజియం మనకు కావాలి. ఆ మాట అనే ధైర్యం సరాయెవోవారి పద్ధతి ఇస్తుంది.

మన ఇంటిసంగతి కూడా చూడాలి. మన ఉద్యమానికి స్మారకచిహ్నాలు లేకపోలేదు. కడివెండినుంచి మొదలుపెట్టి ఊరూరా ఎర్ర స్థూపాలున్నాయి. 1946 జులై 4న నేలకొరిగిన దొడ్డి కొమురయ్య పేరు ఏ తెలుగు విద్యార్థికి తెలియదు? స్థూపం కర్త ఉన్న వాక్యం. ఎవరు చంపారో, ఎందుకు చంపారో నిస్సంకోచంగా చెబుతుంది. సరాయెవోలో లేనిది ఇక్కడ ఉంది. కాని అక్కడ ఉన్నది ఇక్కడ లేదు. స్థూపంమీద వస్తువు లేదు, రుచి లేదు, వాసన లేదు, పదేండ్ల పిల్ల లేదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువరించిన చరిత్రలో నాలుగు వేలమంది కార్యకర్తలు, రైతులు చంపబడ్డారనీ, పది వేలకు పైగా నిర్బంధశిబిరాలలో, జైళ్లలో మగ్గారనీ ఉంది. గోదావరి అడవులలో కోయ గూడేలను తగులబెట్టి జనాన్ని శిబిరాలకు తోలిన సంగతి కూడా ఉంది. ఆ శిబిరాలలో పిల్లలు ఉండే ఉంటారు. వారు ఏ ఆట ఆడుకొన్నారు? ఆ చరిత్ర వ్రాసినవారిని నేను తప్పుపట్టడం లేదు. వారి తొందర వేరు. వారి తరువాత వచ్చిన మనకు ఏ తొందర ఉన్నది?

1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఈ మౌనాన్ని కొంత బద్దలుకొట్టింది. దళంతో అడవిలో ఉన్న కమలమ్మ తన పసిబిడ్డను పరాయిచేతుల్లో పెట్టి రావలసివచ్చిన వృత్తాంతం ఆ పుస్తకంలో చదివినవారెవరూ మరచిపోలేరు. కాని అక్కడ మాట్లాడుతున్నది తల్లి. చేతులు మారిన బిడ్డ మాట మనకు చేరలేదు.

ఆశ్చర్యమేమంటే, యుద్ధానికి ముందటి పిల్లవాణ్ణి మన సాహిత్యం చక్కగా చూచింది. సుద్దాల హనుమంతు వ్రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటను గుర్తుచేసుకోండి. ‘మా భూమి’ చిత్రంద్వారా తరువాతి తరాలకు కూడా చేరిన పాట. దొర పశువుల వెంట తిరిగే జీతగాడు దాని నాయకుడు. కవి వాడికి నినాదం నేర్పడు. వాడి పక్కన నడుస్తూ, వాడి ఒంటిమీది బట్టను చూస్తాడు, కాలిజోడు చూస్తాడు, వాడికి కొలిచిన గింజల సంగతి అడుగుతాడు. సరాయెవో అద్దాలపెట్టెలో ఉండవలసిన వస్తువులన్నీ ఆ పాటలో ఉన్నాయి. దానితోపాటు, ఆ బట్ట ఎందుకు చినిగిందో, ఆ గింజలు ఎవడు తక్కువ కొలిచాడో కూడా ఉంది. పిల్లవాడి వస్తువునుంచి కన్నెత్తితే దొర గడీ కనబడుతుంది. రెండింటినీ కలిపి చూపడం అసాధ్యమనేవారికి ఈ ఒక్క పాట చాలిన జవాబు. యూరపుకు పోయి నేర్చుకోవలసిన విద్య కాదు అది, మన దగ్గర ఉండి మరిచిపోయిన విద్య. యుద్ధం రాగానే మన కవులు పిల్లవాడి కాలిజోడు వదలి వీరుడి తుపాకి పట్టుకొన్నారు.

తెలంగాణాయే కాదు. సర్కారు జిల్లాలలో రంగం అంటే రంగూను అని ఇప్పటి పిల్లలకు చెప్పాలి కాని, వారి ముత్తాతలకు చెప్పనక్కరలేదు. రంగంలో ఓడరేవు కూలీలుగా, మిల్లు కూలీలుగా, రిక్షావాళ్లుగా తెలుగువారు వేలసంఖ్యలో ఉండేవారు. 1941 డిసెంబరు 23న జపానువారు ఆ నగరంమీద బాంబులు వేశారు. ఆ తరువాతి నెలల్లో బర్మానుంచి బయలుదేరిన భారతీయులు సుమారు ఐదు లక్షలు. ఓడ టిక్కెట్టు కొనగలిగినవారు ఓడ ఎక్కారు. మిగిలినవారు అరకాను కొండలమీదుగా, మణిపూరు అడవులమీదుగా నడిచారు. దారిలో పది వేలనుంచి యాభై వేలవరకు పోయారని అంచనాలున్నాయి. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అనే మాట ఆనాడే పుట్టింది. తండ్రుల భుజాలమీద ఆ కొండలు దాటిన పిల్లలకు కూడా జ్ఞాపకాలు ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంమీద, కాకినాడమీద బాంబులు పడ్డప్పుడు ఊళ్లు విడిచి పోయిన కుటుంబాలలోనూ పిల్లలున్నారు. ఆ విశాఖలోనే ఇప్పుడు జలాంతర్గామిని చూపిస్తున్నాం. ఆ ఏప్రిల్ పిల్లల గురించి చెప్పే గది ఒకటి దాని పక్కన కట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

ఈ ఆలోచనలతోనే, అల్వాల్‌లో నా దగ్గర చదివే విద్యార్థులకు ఒక పని పెట్టాను. మీ ఇంటిలోని అందరికంటె పెద్దవారిని అడగండి: యుద్ధమన్నా, దాడి అన్నా మీకు చిన్నప్పటి వస్తువు ఏది గుర్తుకు వస్తుంది? వారి మాటల్లోనే నాలుగు వాక్యాలు వ్రాసుకొని రండి. అల్వాల్ అంటే ఒకవైపు బొల్లారం, ఒకవైపు తిరుమలగిరి. కంటోన్మెంటు గోడ పక్కనే మా పిల్లలు పెరిగారు. 2025 మే 7న నగరంలో యుద్ధాభ్యాసపు సైరన్లు మోగినప్పుడు వారిలో కొందరు దాన్ని సెల్‌ఫోనులో పట్టుకొని ఒకరికొకరు పంపుకొన్నారు. కనుక నేను మెడల్స్ వస్తాయనుకొన్నాను. వచ్చాయి కూడా. ఒక పిల్ల తమ ముందుగదిలోని ఇత్తడి పూలకుండీని గురించి వ్రాసింది. అది ఫిరంగి గుండు తొడుగు. తాత సర్వీసునుంచి తెచ్చుకొని, మెరుగు పెట్టించి, ప్లాస్టిక్ పూలు పెట్టాడు. తన తల్లి చిన్నతనంలో ప్రతి ఆదివారం దాన్ని చింతపండుతో తోమేదనీ, అది ఏమిటో పెండ్లయేవరకు తెలియదనీ ఆ పిల్ల వ్రాసింది. నాలుగే వాక్యాలు. వ్యాఖ్యానం లేదు.

జనగామ వైపునుంచి వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న ఒక కుర్రవాడు తమ అవ్వ చెప్పింది వ్రాశాడు. వస్తువు: గుమ్మి. పట్నపు పాఠకులకోసం చెబుతున్నాను, గుమ్మి అంటే వెదురుతో అల్లి పేడతో అలికిన ధాన్యపు గంప, మనిషి దిగేటంత లోతు. రజాకార్లు వస్తున్నారని కేక వినబడగానే తల్లి ఆ పిల్లను గుమ్మిలోకి దింపి పైన చాట మూసేది. అప్పటికి ఆమెకు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. భయం సంగతి ఆమె చెప్పలేదు. జొన్నల దురద చెప్పింది. ఒకసారి లోపలే పాసు పోసుకొన్నదనీ, బయటికి తీశాక తల్లి తన్నిందనీ చెప్పింది.

ఆ నాలుగు వాక్యాలు సరాయెవో గోడకు ఎక్కదగినవి. అక్కడైతే కథ ముగిసేది. నేను కుర్రవాడితోపాటు ఆమె దగ్గరికి పోయి, ఇంకొక ప్రశ్న అడిగాను: అంత భయంలో ఉన్న పిల్లను తల్లి ఎందుకు తన్నింది?

“జొన్నలు కరాబైనయి గద బిడ్డా,” అన్నది. “లెవీకి పోంగ మిగిలినయి అవ్వే. దొరకు కొలిచినంక, సర్కారుకు కొలిచినంక, మాకు ఆ గుమ్మి అడుగున ఉన్నయే.”

ఒక్క ప్రశ్నకు నిజాం లెవీ వచ్చింది, దొర వచ్చాడు, రెండవ ప్రపంచయుద్ధపు తిండికరువు వచ్చింది. ఏ సిద్ధాంతమూ నేను కలపలేదు. పిల్ల తిన్న దెబ్బలోనే అదంతా ఉంది; అడిగేవాడు లేక ఊరుకొంది.

తరువాత, గుమ్మిలో దాగడం ఎప్పటితో ఆగిపోయిందని అడిగాను. 1948 సెప్టెంబరు అని చెబుతుందనుకొన్నాను.

“యాడ ఆగింది? మల్ల యూనియన్ మిల్ట్రి వచ్చింది గద. సంగపోళ్లకు బువ్వ పెట్టినమని ఇండ్లన్నీ సోదా జేసిండ్రు. అప్పుడు గూడ అమ్మ నన్ను గండ్లనే దింపింది. అప్పటికి పెద్దగైన, తల బయటికి ఒచ్చేది. వంగి కూసున్న.”

ఈ గుమ్మిని సెప్టెంబరు 17 వేదికలలో దేనిమీద పెడతారో నాకు తోచడం లేదు. సగం కథ ఒకరికి పనికివస్తుంది, మిగిలిన సగం ఇంకొకరికి. అది ఇప్పుడు లేదు; చెదలు పట్టి ఎప్పుడో పొయ్యిలోకి పోయిందట. ఆనాటికి పదేండ్లవారైనవారికి ఇప్పుడు తొంబైకి దగ్గరగా ఉంటాయి. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ వేసవి సెలవులలో తమ తమ ఊళ్లలో ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంటికి పోయి, వస్తువు పేరు వ్రాసుకొని, చెప్పినవారి మాటను వారి యాసలోనే ఉంచి, ఆ తరువాత ఇంకొక్క ప్రశ్న అడిగి రాగలిగితే, అద్దాలపెట్టెలకు డబ్బు తరువాత చూచుకోవచ్చు.